కుండల పక్కన కూర్చున్న పిల్లలు

రుధిరోద్గారి సంవత్సరం, ఆశ్వయుజ బహుళ పంచమి

మా పెద్దాడు నీలకంఠం పోయి ఇవాళ్టికి అయిదేళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి తద్దినం పెట్టరు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆయన తోటకి వెళ్ళిపోయారు. అత్త వాకిట్లో కొబ్బరాకులు అల్లుతూ కూర్చుంది. నేను ఎండబెట్టి దాచిన పనసపిక్కలు తీసి పొయ్యిలో కాల్చాను. వాడికి ఇష్టం. ఊదుకోకుండా నిప్పులోంచి చేత్తోనే లాక్కునేవాడు. కాల్చి, ఒలిచి, గిన్నెలో వేసి, ఎవరికీ పెట్టలేక మళ్ళీ పొయ్యిలోనే పారేశాను.

తమ్ముడు వైకుంఠం నౌపడ రైలు స్టేషన్లో గుమాస్తా. పనికిరాని కాయితాలు ఉంటే పొయ్యి అంటించుకోమని తెచ్చి ఇస్తాడు. ఒక పక్క ఇంగ్లీషు అచ్చు, రెండో పక్క ఖాళీ. ఆ ఖాళీ పక్కన రాస్తున్నాను. చిన్నప్పుడు వాడు బడిలో నేర్చుకొచ్చిన అక్షరాలు ఇసుకలో రాసి నాకు చూపించేవాడు. అంతే నా చదువు. తప్పులుంటాయి. ఉంటే ఉండనీ.

ఆశ్వయుజ బహుళ అష్టమి

చిన్నాడు తవుడు పొద్దుటి నుంచి అరుగు మీదే ఉన్నాడు. కూర్చోమన్నాను, కూర్చున్నాడు. కోడిపిల్లలు కాళ్ళ దగ్గరకొచ్చినా చెయ్యి చాచలేదు. అయిదేళ్ళు నిండవస్తున్న మగపిల్లాడు ఇంత నెమ్మదిగా ఉండడం ఎక్కడైనా చూశామా? నాకెంత నిశ్చింతో.

వీడి అన్న నీలడు ఇలా ఒక్కనాడు కూర్చున్నాడా? పాకే వయసులోనే గడప దాటాడు. వానొస్తే బయటికి, ఎండొస్తే బయటికి. రైలు కూత గాలికి వినబడితే చాలు, తోటలకి అడ్డంపడి పలాస స్టేషన్ దాకా పరుగు. ఆ కాలు నిలవని గుణమే వాణ్ణి తీసుకుపోయింది. ఆ ఏడు జ్వరాలు రైలెక్కి వచ్చాయని ఊరంతా అన్నది. వాడు ఇంటిపట్టున ఉంటే వాడికి వచ్చేదా?

ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. మా పుట్టింటి వైపు అందరూ నెమ్మది.

ఆశ్వయుజ బహుళ ద్వాదశి

అత్త మొదలుపెట్టింది.

"మాఘమొచ్చీత్తాది కోడలా. గుంటడికి అయిదేళ్ళు నిండీత్తాయి. తవుడు దంపించి అట్టేపెట్టు, తెచ్చీసుకోవాల."

నేను పొయ్యిలో పుల్ల ఎగదోశాను.

"ఇనబడ్డాదా?"

"ఇనబడ్డాది అత్తా."

నీలడు పోయేనాటికి వీడు నా కడుపులో ఉన్నాడు. పుట్టగానే చేటలో పడుకోబెట్టి పెంటపోగు మీద పెట్టారు. ఎవరో పారేసిన బిడ్డ, ఈ ఇంటి వాడు కాడు అని చావుని నమ్మించడానికి. బిడ్డ పోయిన ఇంట్లో అంతే చేస్తారు. వేరే ఆడమనిషి వచ్చి శేరు తవుడు పోసి కొనుక్కుంటుంది. తవుడుకి అమ్మాము కాబట్టి తవిటయ్య. పెరిగేది మా ఇంట్లోనే గాని ఆవిడే అమ్మ. మొదటి ముద్ద ఆవిడ చేతిదే. వారం వారం ఆవిడింటికి వెళ్ళి తినిరావాలి. నన్ను పిన్నీ అంటాడు. అయిదేళ్ళు నిండాక ఆ తవుడు తిరిగి కొలిచి, నా బిడ్డ అని మూడుసార్లు పలికి, తెచ్చుకోవాలి.

దారిన పోయే ఎవరికైనా అమ్మేస్తారు. నేను ఒప్పుకోలేదు. నెలలు నిండిన రోజుల్లో సంతలో కుమ్మరి సింహాచలమ్మని చూశాను. కుండలు పేర్చుకుని కూర్చుంది. పక్కన ముగ్గురు పిల్లలు. పొద్దున్న వెళ్తూ చూశాను, ఎండెక్కాక తిరిగొస్తూ చూశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని బొమ్మల్లా అలాగే కూర్చున్నారు. ఆ తల్లి చేతి ముద్ద తింటే నా బిడ్డకీ ఆ నిదానం వస్తుందనుకున్నాను. ఆవిడకే అమ్మాలని పట్టుబట్టాను.

అత్త అప్పుడు నవ్వింది. "తల్లినెంచుకోని అమ్ముతారేటే? సంతలో గేదెని సూసినట్టు!"

నవ్వితే నవ్వింది. వచ్చిందా లేదా నిదానం?

కార్తీక శుద్ధ విదియ

తవుడు అరుగు దిగలేదు. మంచిది.

కార్తీక శుద్ధ పంచమి

రావివలస వెళ్ళాము, బండి కట్టుకుని. ఎండల మల్లన్నకి మొక్కుకున్నాను. ఏమని మొక్కుకున్నానో ఇక్కడ రాసుకుంటాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు.

వైకుంఠానికి, జానకికి పిల్లలు లేరు. టెక్కలిలో వాళ్ళ ఇల్లు గుడిలా ఉంటుంది. చుట్టూ గోడ, నాపరాళ్ళ ముంగిలి, జానకి నడిస్తే గాజుల చప్పుడు కూడా రాదు. తవుణ్ణి నేను తిరిగి కొనుక్కోను. సింహాచలమ్మ దగ్గర నుంచి నేరుగా జానకే కొనుక్కుంటుంది. నా చేతి మీదుగా పోడు. నా రాత తగలదు, ఈ ఇంటి గాలి తగలదు. వచ్చిన నిదానం అక్కడ గట్టిపడుతుంది. నా బిడ్డ అని నేను ఒకసారి పలికితే, ఆ పాత గుణం ఎక్కడ దాక్కుందో లేచి వస్తుందని నా భయం.

దణ్ణం పెట్టుకుంటుంటే అత్త పక్కన నిలబడి లింగం మీద పడుతున్న ఎండని చూస్తోంది.

"ఈ సామికి ఎన్నిమార్లు పైకప్పేసినా నిలబడనేదంట. నానెండలోనే ఉంతానన్నాడు. దేవుడి గుణమే మార్సనేకపోనారు. మనవెంత?"

"మారుతాది అత్తా. తవుణ్ణి సూడు, ఎంత నెమ్మదో."

"అది నెమ్మదా?" అని, ఇంకేదో అనబోయి, కొబ్బరిచిప్ప నా చేతిలో పెట్టి ముందుకి నడిచింది.

తవుడు బండిలో కూర్చోబెట్టిన చోటే ఉన్నాడు. ఎద్దు మెడలో గంటని చూస్తున్నాడు.

కార్తీక బహుళ తదియ

ఇవాళ వాడు గోడకి ఆనుకుని, ఎడమకాలి మీద నిలబడి, కుడిపాదం ఎడమ మోకాలికి ఆనించుకున్నాడు. కొంగలా.

నీలడు అలాగే నిలబడేవాడు.

వీడు వాణ్ణి చూడలేదు. వాడి మాట ఈ ఇంట్లో ఎవరూ అనరు, అననివ్వను. మరి ఆ నిలబడడం ఎక్కడి నుంచి వచ్చింది? గోడ నేర్పిందా?

"ఎవులు నేర్పార్రా నీకు?" అన్నాను.

"ఏటి పిన్నీ?" అని వెంటనే కాలు దించేశాడు.

దించగానే నాకు ఒక్క క్షణం

(ఇక్కడ రాసినది కొట్టేశాను.)

తరవాత నా పక్కన కూర్చుని నా కాలు చూశాడు. "పిన్నీ, ఈ మచ్చేటి?" అన్నాడు. మోకాలి కింద పొడుగు మచ్చ. నిప్పు పడింది అన్నాను.

కార్తీక బహుళ నవమి

కొంగలా నిలబడలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

కార్తీక బహుళ ద్వాదశి

టెక్కలి సంగతి ఆయనకి చెప్పాను. వరికోతకి కొడవళ్ళు సానపట్టిస్తున్నారు. విన్నారు. ఒక కొడవలి అంచు వేలితో తడిమి చూశారు.

"ఆడు నా కొడుకు కూడా," అన్నారు చివరికి.

"కాదన్నానా? ఆడి మంచికే."

"ఆడు నన్ను సూసి నవ్వి ఎన్నాళ్ళయ్యిందో తెల్సా నీకు? నీలడు నా భుజమ్మీంచి దిగీవోడు కాదు. ఈడు నాను పిలిత్తే ముందల నీ మొకం సూత్తాడు."

బుద్ధిగల పిల్లాడు పెద్దవాళ్ళ ముఖం చూడడా? మగవాళ్ళకి తెలియదు.

మార్గశిర శుద్ధ చవితి

కుమ్మరి వీధి నుంచి వచ్చాక తవుడికి నీళ్ళు పోశాను. చెవుల వెనకాల మట్టి. మోకాళ్ళు గీరుకుపోయి ఉన్నాయి. చంక కింద జీడాకు ఒకటి అతుక్కుని ఉంది.

"ఏటిరా ఇది?"

"పడ్డాను పిన్నీ."

"ఎక్కడ?"

చెంబు లాక్కుని తనే నెత్తిన నీళ్ళు పోసుకున్నాడు. అబద్ధం చెప్పడం కూడా రాదు వీడికి. పాపం.

మార్గశిర శుద్ధ ద్వాదశి

ఇవాళ సింహాచలమ్మ ఇంటికి వాడు వెళ్ళిన కాసేపటికి నేనూ వెళ్ళాను. చెప్పకుండా.

కుమ్మరి వీధి ఊరి చివర, జీడితోపు పక్కన. కుండలు కాల్చే ఆవం దాటుతుండగా వెనక పెరట్లోంచి నవ్వు వినబడింది. అది నీలడి నవ్వు. నోరంతా తెరిచి, మధ్యలో ఊపిరందక ఎక్కిళ్ళు పెట్టే నవ్వు. అయిదేళ్ళయింది విని. ఆవం గోడ పట్టుకుని నిలబడ్డాను. మట్టి వెచ్చగా ఉంది.

వెళ్ళి చూస్తే తవుడు. జీడికొమ్మకి మోకాళ్ళు మెలివేసి తలకిందులుగా వేలాడుతున్నాడు. చొక్కా ముఖం మీదికి జారిపోయింది. కింద సింహాచలమ్మ పిల్లలు ముగ్గురూ బంకమట్టి ఉండలు చేసి వాడి పొట్ట మీద కొడుతున్నారు. బొమ్మల్లా కూర్చున్న ఆ ముగ్గురే.

నేను అరవలేదు. అరిచానేమో. వాడు నన్ను చూశాడు. నవ్వు ఆగిపోయింది. తనంతట తనే దిగి, చేతులు తుడుచుకుని, వచ్చి నా కొంగు పట్టుకుని నిలబడ్డాడు. నేను చూస్తుండగానే ఆ ముఖం మారిపోయింది, దీపం మీద చేట బోర్లించినట్టు. మా అరుగు మీద కూర్చునే ముఖం వచ్చేసింది.

సింహాచలమ్మ చెక్కతో కుండ కొడుతూ తలెత్తి చూసింది. "రా రా సిన్నతల్లమ్మా, కూకో."

"ఇదేటి సింహాచలమ్మా? నీ పిల్లలు ఇలాటోళ్ళా?"

"ఎలాటోళ్ళు?"

"సంతలో ఎంత బుద్ధిగా కూకున్నారు! నాను సూసేను. కదల్నేదు, మెదల్నేదు."

ఆవిడ చెక్క కింద పెట్టి మరీ నవ్వింది. "ఓలమ్మా! కుండల పక్కన కూకోబెడితే ఎవుడైనా బుద్ధిమంతుడే తల్లీ! కదిల్తే కుండ పగుల్తాది, కుండ పగిల్తే ఈళ్ళ ఈపు పగుల్తాది. సంతలో సూసి మోసపోనావేటి? ఇంటికాడ ముగ్గురూ మూడు కోతులు."

"మరి ఈడో?"

"ఈడా? ఆళ్ళకి గురువు." అని వాడి ముఖం వైపు చూసి నవ్వు తగ్గించింది. కొంగు పట్టుకుని నేల చూస్తున్నాడు. "ఇక్కడున్నంతసేపూ కాలొక చోట నిలవదు. మీ ఇంటికి పోతే అరుగు దిగడంతారు. మీ ఇంటికాడ ఏ కుండలున్నాయో మరి."

మార్గశిర శుద్ధ త్రయోదశి

ఇక అక్కడికి పంపను. వారం తప్పితే తప్పింది. మాఘం దాకా ఎలాగో గడిపితే టెక్కలి వెళ్ళిపోతాడు.

మోసపోయాను. సంతలో ఆ పిల్లల్ని కుండల పక్కన కాకుండా ఇంకోచోట చూసి ఉంటే ఇంకొకరికి అమ్మేదాన్ని. ఆవిడ చేతి ముద్దే వీణ్ణి పాడుచేసింది.

కాని ఆ నవ్వు? ఆ నవ్వు సింహాచలమ్మ ఇంట్లోది కాదు.

మార్గశిర పౌర్ణమి

అత్తకి కోపం వచ్చింది, గుంటణ్ణి పంపనందుకు.

"నీలడు రైలు సూడ్డానికి పోనాడు కాబట్టి సచ్చిపోనాడంతావు. మరి కుంటి కూర్మయ్య? ఏళ్ళతరబడి మంచం దిగనేదు ఆడు. ఆడికీ అదే వారం అదే జొరం. ఆడెక్కడికి పరిగెట్టేడంతావు?"

నేను వంటింట్లోకి వచ్చేశాను.

కూర్మయ్య ముసలివాడు. అది వేరు.

మార్గశిర బహుళ పాడ్యమి

వేరా?

మార్గశిర బహుళ పంచమి

తవుడు అన్నం సగం వదిలేశాడు. కూర్చోమన్న చోట కూర్చుంటున్నాడు. పిలిస్తే ఉలిక్కిపడుతున్నాడు. ఇంతకుముందు ఇదే చూసి మంచిది అని రాశాను. వెనక్కి తిప్పి చూశాను. రాశాను.

దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. "సింహాచలమ్మ ఇంటికాడ అంత గెంతులేత్తావు గదా. ఇక్కడెందుకెయ్యవు?"

చాలాసేపు కాలివేలు చూసుకున్నాడు. "ఇక్కడ నువ్వు సూత్తుంటావు గదా."

"సూత్తే? నానేవైనా కొట్టేనేటిరా ఎప్పుడైనా?"

"కొట్టనేదు."

"మరేటి?"

"నాను కదిల్తే నీకు బయ్యమేత్తాది గదా పిన్నీ."

వాడికి అయిదేళ్ళు కూడా నిండలేదు.

పుష్య శుద్ధ సప్తమి

వైకుంఠం వచ్చాడు. జానకి పలక కొనిందట, కొత్త చాప కొనిందట, పడమటి గదిలో కిటికీకి చువ్వలు కూడా వేయించారట. చువ్వలు అన్నప్పుడు నాకు ఊపిరి తేలికయింది. బాగుంది అన్నాను.

వైకుంఠం మజ్జిగ తాగి, చెంబు కింద పెట్టి, "అప్పా, ఒక మాట అడుగుతాను కోప్పడవు గదా?" అన్నాడు.

"అడుగు."

"మా ఇంటికొత్తే ఆడి గుణం నిలబడిపోద్దని నీకెవులు సెప్పారు?"

"పెంపకం మారితే గుణం మారదేటి?"

"నీకు మారిందా?"

నాకు అర్థం కాలేదన్నాను.

"నీలడిది ఎవుల పోలికప్పా?"

"ఈళ్ళ వైపుదే. మన వైపు అందరూ నెమ్మదే గదరా."

వాడు నన్ను వింతగా చూశాడు. "అందరూ నెమ్మదే, నువ్వు తప్ప! ఊళ్ళో నువ్వెక్కని చెట్టుందా? కొంగలాగ ఒంటికాలి మీద నిలబడి, ఏ కొమ్మైతే బాగుంతాదా అని సూసీదానివి. ఇసుకలో అక్షరాలు నేర్పుతానంటే సగం రాసి చెట్టెక్కీసీదానివి. ఆ కాలి మీద మచ్చెక్కడిదప్పా? జీడిచెట్టు మీంచి పడ్డావు, నానే గదా పరిగెత్తి నాన్నకి సెప్పేను."

"నిప్పు పడింది."

"నిప్పా? సరే. మరి నౌపడ సంగతో? ఈ పిల్లని చెట్లు లేని చోట ఉంచితే గాని మనిషి కాదని నాన్న నిన్ను అమ్మమ్మ దగ్గర దింపీసొచ్చాడు. ఉప్పుమడులు తప్ప కనుచూపుమేర ఒక్క మోడు లేదక్కడ. ఏటి సేసేవు? ఉప్పుగుట్టలెక్కీసేవు! ఉప్పోళ్ళు కర్రలట్టుకుని ఎంటబడితే మీద నుంచి నవ్వీవంట. అమ్మమ్మ సచ్చేదాకా ఆ కథే సెప్పుకుంది."

అత్త గుమ్మంలో నిలబడి వింటోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు.

పుష్య శుద్ధ అష్టమి

వైకుంఠం ఎవరినో చూసి నేననుకుంటున్నాడు. వాడు అప్పటికి చిన్నవాడు.

పుష్య శుద్ధ నవమి

మా పుట్టింటి వైపు అందరూ నెమ్మది.

పుష్య శుద్ధ ఏకాదశి

ఉప్పు గీసుకుంటే మండుతుంది. గుట్ట మీదికి పాకితే మోచేతులు మండేవి. పైకెక్కితే సముద్రం కనిపించేది.

పుష్య బహుళ విదియ

నాకు ఇచ్చేది అదొక్కటే ఉందా? నీలడికి ఇచ్చాను. వాడు పోయాడు. వీడికీ ఇచ్చేశాను, తెలియకుండానే, పెంటపోగు మీద పెట్టకముందే. తవుడుకి అమ్మితే పోలేదు. ఎవరి ముద్ద పెట్టినా పోలేదు. ఊరంతా మనుషులు పోయారు ఆ ఏడు, నడిచేవాళ్ళూ, మంచం మీద ఉన్నవాళ్ళూ. నేను మాత్రం గుణమే చంపింది అని పట్టుకున్నాను. ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. ఊరికే పోయాడంటే ఎలా ఓర్చుకోవడం.

ఆ రోజు కొట్టేసినది మళ్ళీ రాస్తున్నాను. వాడు కొంగలా నిలబడి కాలు దించేసినప్పుడు నాకు ఒక్క క్షణం దించకపోతే బాగుండు అనిపించింది.

పుష్య బహుళ పంచమి

సింహాచలమ్మ ఇంటికి తవుణ్ణి పంపాను. వచ్చేదాకా ఏ పనీ చెయ్యలేకపోయాను. అన్నం మాడింది. మట్టితో వచ్చాడు. ఎందుకు అని అడగలేదు.

మాఘ శుద్ధ విదియ

టెక్కలికి కబురు పెట్టనా, వద్దా? ఇవాళ పెడదామనుకున్నాను. జానకి పలక కొనుక్కుంది. చువ్వలు వేయించింది. వాణ్ణి ఇవ్వడం నా వల్ల కాదు అని రాయాలంటే, వాణ్ణి నా దగ్గరే ఉంచుకోవడం నా వల్ల అవుతుందా అని ముందు తేలాలి. రోజూ పొద్దున్న లేవగానే వాడి నుదురు తాకి చూస్తాను, వెచ్చగా ఉందేమోనని. ఇలా ఎన్నేళ్ళు చూస్తాను? జానకి దగ్గర ఉంటే తాకనక్కర్లేదు. కనబడడు కదా.

కబురు పెట్టలేదు.

మాఘ శుద్ధ దశమి

ఇవాళ తవుడు కొలిచే రోజు. అయిపోయింది. ఇవాళే రాయాలి.

అందరం సింహాచలమ్మ పెరట్లో చేరాము. వైకుంఠం, జానకి టెక్కలి నుంచి వచ్చారు. జానకి కొత్త బుట్టలో తవుడు తెచ్చింది, మీద పసుపు గుడ్డ కప్పి. అత్త మా ఇంటి బుట్ట తెచ్చింది, నేను చెప్పకుండానే. రెండు బుట్టలూ పక్కపక్కన పెట్టారు. ఆయన దూరంగా ఆవం దగ్గర నిలబడ్డారు.

సింహాచలమ్మ చేట పట్టుకుని కూర్చుంది. "గుంటడేడీ?" అంది.

లేడు.

జీడిచెట్టు నిండా పూత. ఆ పూతలోంచి ఎర్రచొక్కా కనబడింది. ఇంతకుముందు వేలాడిన కొమ్మ కాదు, దాని పైది. జనాన్ని చూసి ఎక్కేసినట్టున్నాడు. ఎక్కి, కిందికి చూసి, నన్ను చూశాడు. నన్ను చూడగానే బిగుసుకుపోయాడు. రెండు చేతులతో కొమ్మని కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు.

అందరూ ఒక్కసారే అరిచారు. "దిగు! దిగరా! ఓరి నాయనా, బేగి దిగు!" వైకుంఠం చెప్పులు విప్పి ఎక్కబోయాడు. "నువ్వెక్కితే కొమ్మిరిగిపోద్ది," అని ఆయన వాణ్ణి వెనక్కి లాగారు.

నాకూ దిగు అనే మాట నోటి దాకా వచ్చింది. అయిదేళ్ళుగా నా నోట్లో ఉన్న మాట అదొక్కటే. కాని పైకి చూస్తుంటే నాకు కొమ్మ కనబడింది. వాడు కాదు, కొమ్మ. ఎడమ పక్కది ఎండుది, బెరడు లేచి ఉంది. జీడికొమ్మ చెప్పకుండా విరుగుతుంది. కుడి పక్క పంగ పచ్చిగా, లావుగా ఉంది. అలాంటి పంగ నా అరికాలికి తెలుసు.

చెట్టు మొదట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

"తవుడూ. నా వైపు సూడకు. కొమ్మని సూడు."

కళ్ళు తెరిచాడు.

"ఎడం పక్కదాని మీద సెయ్యెయ్యకు, అది ఎండుది. పొట్ట కొమ్మకి ఆనించు. ఆఁ. ఇప్పుడు కుడికాలు కిందికి జార్చు. ఇంకాస్త. పంగ తగిలిందా?"

"తగిలింది."

"దాని మీద బరువెయ్యి. ఏటవదు. నాకు తెల్సు."

వేశాడు. నిలబడ్డాడు. ఊపిరి వదిలాడు. పూత రాలి నా తల మీద పడింది.

"నీకెలా తెల్సు పిన్నీ?" అన్నాడు పై నుంచి.

"నాను పడ్డాను గనక తెల్సు. ఈ మచ్చ దాందే."

పూత పక్కకి తప్పించి నా కాలి వైపు చూశాడు. "దిగీమంతావా?"

దిగమనాలి. అందరూ నన్నే చూస్తున్నారు.

"నీ ఇష్టం," అన్నాను.

వాడు దిగలేదు. ఇంకో కొమ్మ ఎక్కాడు. కుడికాలు ముందు పెట్టి, కొమ్మని చూసుకుని, నిదానంగా. నిదానం! ఏ నిదానం కోసం నేను సంతలో తల్లిని వెతుక్కున్నానో అది. అరుగు మీద ఎన్నడూ కనబడలేదు. అక్కడికెక్కి నవ్వాడు, ఎక్కిళ్ళు పెడుతూ. ఆవం దగ్గర ఆయన ముఖం చేతుల్లో పెట్టుకున్నారు.

సింహాచలమ్మ చేట ఎత్తింది. "మరి సెప్పండి, ఎవుల బిడ్డ?"

జానకి బుట్ట మీద పసుపు గుడ్డ సర్దుతోంది. తల ఎత్తలేదు.

"నా బిడ్డ," అన్నాను. చెట్టు మీదికే చూస్తున్నాను.

"ఎవుల బిడ్డ?"

"నా బిడ్డ."

"ఎవుల బిడ్డ?"

"అంత పోలిక కనబడతంటే ఇంకా అడుగుతావేటే!" అని అత్త కసిరింది. అందరూ నవ్వారు. నేను మూడోసారి పలికానో లేదో నాకు గుర్తు లేదు. పలికానని సింహాచలమ్మ అంటోంది.

జానకి తను తెచ్చిన తవుడు సింహాచలమ్మ గేదెకి తనే పోసింది. వెళ్ళేటప్పుడు పలక నా చేతిలో పెట్టి, "వొదినా, ఎండల్లో బడి సెలవులిత్తే పంపు," అంది. ఆమె ముఖం చూడలేకపోయాను. చువ్వలు తీయించేయమని చెప్పాలి. ఇవాళ చెప్పే ధైర్యం లేకపోయింది.

మాఘ శుద్ధ ద్వాదశి

అమ్మా అనరా అని అత్త రెండు రోజులుగా వాడి వెంట పడుతోంది. పిన్నీ అనే అంటున్నాడు. నోటికి అలవాటు. అననీ.

ఇప్పుడు అరుగు ఖాళీగా ఉంది. వాడు పెరటి తోటలో ఉన్నాడు, నాకు కనబడడం లేదు. వెళ్ళి చూడాలని ఉంది. ఈ కాయితం నిండేదాకా లేవనని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా నాలుగు వరుసల చోటుంది.

ఏదో పడిన చప్పుడయింది. కొబ్బరిమట్ట. కొబ్బరిమట్టే అయి ఉంటుంది.

మాట వినబడడం లేదు.

నవ్వాడు. అదిగో, వాడే నవ్వాడు.

ఇంకా ఒక్క వరుస ఉంది. కదలకుండా కూర్చుని రాస్తున్నాను.